ముందు బడి, తర్వాతే ఇల్లు: హైదరాబాద్‌లో ప్రైమరీ స్కూలు చూసుకుని ఇల్లు వెతకడం ఎలా

హైదరాబాద్‌కు మారుతున్నామని చెప్పగానే చుట్టాలైనా స్నేహితులైనా ముందుగా అడిగేది "ఆఫీసు ఎక్కడ?" అని. మాదాపూర్ అంటే కొండాపూర్‌లో ఇల్లు చూడమంటారు. ఉప్పల్ అంటే హబ్సిగూడ అంటారు. ఇల్లు దొరికి, పాలు పొంగించాక, అప్పుడు మొదలవుతుంది బడి వెతుకులాట.

మేమూ అలాగే చేశాం. మణికొండలో ఇల్లు తీసుకుని, అందరూ మంచిదన్న స్కూల్లో మా అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్చాం. స్కూలు ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు 6:50కి వచ్చేది. ఆరేళ్ల పిల్ల పొద్దున్నే లేచి, సగం దోసె చేత్తో పట్టుకుని మెట్లు దిగేది. సాయంత్రం ఐదింటికి వచ్చి షూ విప్పకుండానే సోఫాలో నిద్రపోయేది. ఆ ఏడాదంతా తను ఆడుకోవడం ఆదివారాలు మాత్రమే చూశాను. మరుసటి వేసవిలో ముందు బడి చూసుకుని, దాని దగ్గర్లోకి ఇల్లు మారాం. ఆ పని ఎలా చేశామో, మళ్లీ చేయాల్సి వస్తే ఎలా చేస్తానో వరసగా చెప్తాను. ఉదాహరణలు హైదరాబాద్‌వే అయినా విజయవాడ, విశాఖ, బెంగళూరు ఎక్కడికి మారేవాళ్లయినా ఇదే పద్ధతిలో వెళ్లొచ్చు.

1. ప్రయాణం ఎవరు చేయాలో ముందు తేల్చుకోండి

ఇంట్లో ఒకరికి ఎలాగూ రోజూ దూరం తప్పదు. అది పెద్దవాళ్లకు పడాలి, ఆరేళ్ల బిడ్డకు కాదు. నా సలహా మొత్తానికి ఇదే పునాది.

ఒక చిన్న లెక్క వేయండి. బస్సులో పోను గంట, రాను గంట. ఏడాదికి 220 రోజులు బడి నడిస్తే 440 గంటలు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం జరగాల్సిన బోధన 800 గంటలు. అంటే బిడ్డ చదువుకునే సమయంలో సగం కంటే ఎక్కువ కిటికీ పక్కన కూర్చుని గడుస్తుంది. ఆ గంటలు నిద్రలోంచి, ఆటలోంచి, తీరిగ్గా తినే తిండిలోంచి పోతాయి.

ఐదో తరగతి దాటాక పరిస్థితి వేరు. పదకొండేళ్ల పిల్లలు బస్సు ప్రయాణం తట్టుకుంటారు. సీబీఎస్‌ఈనా, స్టేట్ సిలబసా, ఐసీఎస్‌ఈనా అన్న ప్రశ్నకు కూడా అప్పుడు బలం వస్తుంది. అందుకే ఇప్పుడు వెతికేది పదో తరగతి దాకా అన్నీ కుదిరే స్కూలు అని అనుకోకండి. ఈ ఐదేళ్లకు సరిపోయే బడి అనుకోండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇంకో మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఫీజుకు, అద్దెకు కలిపి ఎంత పెట్టగలరు? మధ్యాహ్నం మూడున్నరకు బిడ్డను ఎవరు తీసుకొస్తారు? అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే ఆమె నడవగలిగిన దూరమే మీ దూరం. మూడోది, ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మెట్రో పనికొస్తుందా? మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం లైన్లలో ఏదో ఒక స్టేషన్‌కు దగ్గరగా ఉన్న కాలనీల్లో బడి దొరికితే, బిడ్డకు నడక, మీకు మెట్రో కుదురుతుంది. మాకు చివరికి అలాగే కుదిరింది.

2. మ్యాపులో నాలుగైదు బడులు పెట్టుకోండి, దారిలో అడ్డంకులు చూడండి

మూడు నాలుగు ప్రాంతాలు అనుకుని, ఒక్కోచోట నాలుగైదు ప్రైమరీ స్కూళ్లు గుర్తించండి. ఒక్కో బడి చుట్టూ కిలోమీటరు గీత గీయండి. ఆరేళ్ల పిల్లలు కిలోమీటరు నడవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇల్లు వెతకాల్సింది ఆ గీత లోపల.

అయితే మ్యాపులో దూరం వేరు, కాళ్ల కింద దూరం వేరు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు 65వ నంబరు జాతీయ రహదారికి అవతల ఉన్న బడి అర కిలోమీటరే కనిపిస్తుంది. బండి మీద వెళ్తే యూటర్న్ దాకా పోయి రావాలి. నడిస్తే బిడ్డ చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటాలి. లింగంపల్లి రైల్వే అండర్ బ్రిడ్జి లాంటి చోట పెద్ద వాన పడితే నీళ్లు నిలిచి దారే ఉండదు. హైవే, రైలు పట్టాలు, నాలా, ఫ్లైఓవర్ పని, వీటిలో ఏది మధ్యలో వచ్చినా ఆ బడిని మీ గీత బయట ఉన్నట్టే లెక్కేయండి.

తార్నాక, హబ్సిగూడ, వనస్థలిపురం, ఈసీఐఎల్ లాంటి పాత కాలనీల్లో ఇళ్ల మధ్యే బడులుంటాయి, నడిచి వెళ్లే పిల్లలు కనిపిస్తారు. తెల్లాపూర్, కొల్లూరు వైపు కొత్త అపార్ట్‌మెంట్లు బావుంటాయి, క్యాంపస్‌లూ పెద్దవే. కానీ గేటు దాటితే బస్సు ఎక్కాల్సిందే అన్న చోట్లు అటు ఎక్కువ. బిల్డరు బ్రోచర్‌లో "స్కూలు ఐదు నిమిషాలు" అని రాసి ఉంటే సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ దారిలో వెళ్లి మీరే చూడండి. "స్కూలు రాబోతోంది" అంటే లేదనే అర్థం చేసుకోండి.

3. గుర్తింపు కాగితాలు చూడండి

ఇది గంట పని, ఫోన్‌లోనే అవుతుంది. గుర్తింపు లేకుండా బడి నడపకూడదని విద్యా హక్కు చట్టం చెప్తోంది. గుర్తింపు ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఉందో ఆఫీసు రూములో అడగండి. యూడైస్ అంటే దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ వెబ్‌సైట్‌లో బడి పేరు కొడితే పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, టాయిలెట్లు ఎన్ని అన్న వివరాలు కనిపిస్తాయి.

బోర్డు మీద "సీబీఎస్‌ఈ ప్యాటర్న్", "సీబీఎస్‌ఈ కరికులమ్" అని ఉంటే అది సీబీఎస్‌ఈ అఫిలియేషన్ కాదు. ఉన్న బడికి అఫిలియేషన్ నంబరుంటుంది, సీబీఎస్‌ఈ సైట్‌లో చూసుకోవచ్చు. పేరుతో పాటు అడ్రసు కూడా సరిపోవాలి. ఒక బ్రాంచికి ఉన్న గుర్తింపు అన్ని బ్రాంచిలకూ ఉందని అనుకోకండి.

ఇక్కడే ప్రభుత్వ బడుల మాట. చాలామంది చూడకుండానే వదిలేస్తారు. దయచేసి ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిషు మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. చిన్న పిల్లలకు అంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. అక్కడ అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న టీచర్లెంతమంది అని. చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుంటే చాలు. ఐదు తరగతులకు ఇద్దరే అయితే ఒకరు ఒకే గదిలో రెండు మూడు తరగతులు చూసుకోవాలి. తరగతికో టీచరు ఉన్న ప్రభుత్వ ప్రైమరీ బడి మీ గీత లోపల ఉంటే లిస్టులో పైన పెట్టండి.

గచ్చిబౌలి, ఉప్పల్, పికెట్ లాంటి చోట్ల కేంద్రీయ విద్యాలయాలున్నాయి. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. ముందు వరసలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలుంటారు. మీరు ఆ కోవలో లేకపోతే అప్లై చేయండి కానీ ఆ సీటును నమ్ముకుని ఇల్లు తీసుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే తక్కువ ఆదాయం కుటుంబాలైతే ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్ల నోటిఫికేషన్ కోసం చూడండి. ఇంటికీ బడికీ ఎంత దూరమన్నది అందులో లెక్కలోకి వస్తుంది కాబట్టి అడ్రసు కాగితం ముందే సరిచేసుకోండి.

4. బడి విడిచే వేళకు వెళ్లి గేటు దగ్గర నిలబడండి

అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ అరగంటే. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే వాళ్లు చూపించాలనుకున్నవే చూస్తాం. గేటు బయట నిలబడితే బడి తనంతట తానే కనిపిస్తుంది.

పిల్లలు ఎలా బయటికొస్తున్నారో చూడండి. అరుచుకుంటూ, ఒకరి బ్యాగు ఒకరు లాక్కుంటూ వస్తుంటే మంచి సంకేతం. ఒకటో తరగతి పిల్లలు పెద్దవాళ్ల కాళ్ల మధ్య నలిగిపోతున్నారా, లేక ముందుగా ఆయా వెంట వరసగా వస్తున్నారా? తీసుకెళ్లడానికి ఎవరూ రాని బిడ్డను వాచ్‌మన్ లోపలే కూర్చోబెడుతున్నాడా, రోడ్డు మీదకు వదిలేస్తున్నాడా? మేము వద్దనుకున్న ఒక బడిలో నేను చూసింది ఇదే. ఐదేళ్ల పిల్లాడు ఒక్కడే ఆటో స్టాండు దాకా నడుచుకుంటూ వెళ్లాడు, లోపలి నుంచి ఒక్కరూ తల ఎత్తి చూడలేదు.

తర్వాత మాట కలపండి. గేటు దగ్గర అమ్మలను, తాతలను "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అలా కాకుండా "మీ పాప టీచరు ఈ ఏడాది మధ్యలో మారారా?", "డైరీలో రాస్తే టీచరు జవాబు రాస్తారా?", "పోయినేడాది కంటే ఫీజు ఎంత పెంచారు?" అని అడగండి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు, జిరాక్స్ షాపు వాళ్లకూ ఆ బడి గురించి చాలా తెలుస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లే ఆటో అన్నను అడిగితే ఏ బడి పిల్లలు ఎక్కడ నుంచి వస్తారో, ఏ దారి ఎప్పుడు జామ్ అవుతుందో చెప్తాడు.

5. లోపలికి వెళ్లాక ఏం చూడాలి

గేటు మీద పెద్ద ఫ్లెక్సీలో ఉండేవి పదో తరగతి పిల్లల మార్కులు. మీ బిడ్డకు దొరికేది ఒకటో తరగతి టీచరు. ఆమెను కలవకుండా డబ్బు కట్టకండి. ప్రిన్సిపల్‌తో, మార్కెటింగ్ వాళ్లతో గంట మాట్లాడటం కంటే ఆమెతో పది నిమిషాలు నయం. ఇక్కడ ఎన్నేళ్లుగా చేస్తున్నారని అడగండి. సెక్షన్‌లో ఎంతమంది, చదవడం రాని పిల్లలకు ఏం చేస్తారని అడగండి. చివరి ప్రశ్నకు "ఇంట్లో ప్రాక్టీస్ చేయించమంటాం, ట్యూషన్ పెట్టించమంటాం" అన్న జవాబు వస్తే ఆలోచించుకోండి.

వీలైతే ఒకటి రెండు తరగతుల నోటుబుక్కులు చూపించమనండి. నాలుగు పుస్తకాల్లోనూ "మై ఫ్యామిలీ" గురించి ఒకే ఐదు వాక్యాలు, ఒకే తప్పు లేని రాతతో ఉంటే పిల్లలు బోర్డు మీద నుంచి దించుకున్నారని అర్థం. అక్షరాలు వంకరగా ఉన్నా, ఒక పిల్లాడు వాళ్ల నానమ్మ మేక గురించి, ఇంకొకడు తమ్ముడి గురించి రాసుంటే ఆ టీచరుకు పని తెలుసు. కేంద్ర ప్రభుత్వ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్క్ ఉండకూడదు, బ్యాగు బరువు బిడ్డ బరువులో పదో వంతు మించకూడదు. ఇరవై కిలోల బిడ్డకు రెండు కిలోలు. గేటు దగ్గర ఒక బ్యాగు ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. మూడో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని చెప్పే బడి నా లిస్టులోంచి వెంటనే పోతుంది.

టాయిలెట్ తప్పకుండా చూడండి, అదీ ఇంటర్వెల్ అయిన వెంటనే. నీళ్లు వస్తున్నాయా, గడియ చిన్న పిల్లలకు అందుతుందా, బయట ఆయా ఉందా. టాయిలెట్‌కు వెళ్లడం ఇష్టం లేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లలు ఎంతమందో. నిండుగా తిరిగొచ్చే వాటర్ బాటిల్ చూసి మాకు ఆలస్యంగా తెలిసింది.

హైదరాబాద్‌లో చాలా బడులు ఇళ్లలో, అపార్ట్‌మెంటు లాంటి బిల్డింగుల్లో నడుస్తాయి. అలాంటి చోట చిన్న తరగతులు ఏ అంతస్తులో ఉన్నాయో, రెండో మెట్లదారి ఉందో, అది తాళం వేసి ఉందో చూడండి. 2004 జూలైలో తమిళనాడు కుంభకోణంలో ఒక బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2009లో బడుల్లో అగ్ని భద్రత గురించి సుప్రీంకోర్టు గట్టి ఆదేశాలిచ్చింది. కిందికి దిగే దారులెన్ని అని అడగడానికి మొహమాటపడకండి. ఆటస్థలం లేని బడి అయితే ఆటల పీరియడ్‌లో పిల్లలు ఎక్కడ ఉంటారో అడగండి. సెల్లార్‌లోనా, టెర్రస్ మీదా, లేక క్లాసులోనేనా అన్నది తెలియాలి.

తెలుగు గురించి కూడా అడగండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు నేర్పాలి. వారానికి ఎన్ని పీరియడ్లు, చెప్పేది తెలుగు టీచరేనా, లేక ఖాళీగా ఉన్న ఎవరో ఒకరా? ఊళ్లో ఉన్న తాతయ్య రాసిన ఉత్తరం మనవరాలు చదవగలగాలని కోరుకునే ఇల్లు మాది, అందుకే ఈ ప్రశ్న నాకు చిన్నది కాదు.

కొట్టడం గురించి సూటిగా అడగండి. విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "కొంచెం భయం ఉండాలి కదండీ" అని నవ్వుతూ చెప్పే బడికి మీ బిడ్డను పంపకండి. అలాగే అడ్మిషన్‌కు బిడ్డకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం, డొనేషన్ తీసుకోవడం 13వ సెక్షన్ కింద తప్పు. "ఇంటరాక్షన్" అని పేరు మార్చి పెడుతుంటారు. అందులో బిడ్డ మాట్లాడకపోతే ఇంటికొచ్చాక కోప్పడకండి.

6. ఫీజు, అద్దె ఒకే కాగితం మీద కలిపి లెక్కేయండి

మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూడకండి. 60 వేలతో మొదలై ఏటా 10 శాతం పెరిగితే ఐదో తరగతికి దాదాపు 88 వేలవుతుంది. ఐదేళ్లకు కలిపి 3 లక్షల 66 వేలు. దీనికి అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, షూ, యాన్యువల్ డే డబ్బులు, బస్సు కలపాలి. గత మూడేళ్లలో ఎంత పెంచారో అడిగి, అదే లెక్కతో వేయండి.

బడి దగ్గర అద్దె నెలకు మూడు వేలు ఎక్కువ ఉందని వెనక్కి తగ్గేవాళ్లను చూశాను. ఏడాదికి 36 వేలు. బస్సు ఫీజు ఏడాదికి 30 వేలయితే తేడా ఆరు వేలే. ఆ ఆరు వేలకు బిడ్డకు రోజూ రెండు గంటలు తిరిగొస్తాయి.

బస్సు తప్పదు అనుకుంటే, ఆ బస్సునే చూడండి: పసుపు రంగు, లోపల ఆయా లేదా అటెండెంటు, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, ఆర్టీఏ ఫిట్‌నెస్, బిడ్డ రూటులో మొదటెక్కుతుందా చివరెక్కుతుందా. మొదట ఎక్కే స్టాపులో ఇల్లు తీసుకుంటే పొద్దున అందరికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది మీ బిడ్డే.

7. రెండు బడులు మిగిలాక ఇల్లు వెతకండి

ఒకే బడి మీద ఆశ పెట్టుకోకుండా, రెండింటికీ దగ్గరగా ఉన్న కాలనీ చూడండి. ఒకటి కుదరకపోయినా, చేరాక నచ్చకపోయినా ఇల్లు మారకుండానే బడి మారొచ్చు. టు-లెట్ బోర్డు చూసి ఓనరుతో మాట్లాడేముందు ఆ ఇంటి నుంచి బడి దాకా పొద్దున ఎనిమిదింటికి నడవండి. ఫుట్‌పాత్ ఉందా, మూత లేని మ్యాన్‌హోల్ ఉందా, కుక్కల గుంపు ఎక్కడుంటుంది, రోడ్డు ఎక్కడ దాటాలి. వీలైతే వాన పడిన మర్నాడు కూడా నడవండి.

సీటు ఖాయమై ఫీజు రసీదు చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. చాలా ప్రైవేటు బడులు వచ్చే ఏడాది అడ్మిషన్లు దసరా తర్వాత నుంచే మొదలుపెడతాయి. కాబట్టి బడుల వేట డిసెంబరు లోపు, ఇంటి వేట మార్చి–ఏప్రిల్‌లో పెట్టుకుంటే జూన్‌లో హడావుడి ఉండదు. అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాస్తారు. ఫ్లాటు కొనాలన్న ఆలోచన ఉన్నా ముందు ఒక ఏడాది అద్దెకు ఉండండి. బిడ్డకు బడి నచ్చిందని తెలిశాక కొనొచ్చు.

8. కాగితాలు, మొదటి వారం

పాత ఊరి బడి నుంచి టీసీ తీసుకోండి. అది ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని విద్యా హక్కు చట్టంలోనే ఉంది. టీసీతో పాటు బిడ్డ పెన్ నంబరు, అంటే యూడైస్‌లో బిడ్డకున్న శాశ్వత నంబరు, రాయించుకోండి. పాత బడి ఆన్‌లైన్‌లో పేరు వదిలితేనే కొత్త బడి తన లిస్టులో చేర్చుకోగలదు, అది అయిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. జనన ధృవపత్రంలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉన్నా తర్వాత తిరగాల్సి వస్తుంది.

బడి తెరవడానికి వారం ముందే కొత్త ఇంట్లోకి మారండి. ఆ వారంలో రోజూ బిడ్డతో కలిసి బడి దారిలో నడవండి. ఎక్కడ ఆగాలి, ఎటు చూడాలి, ఏ షాపు ఆంటీని సాయం అడగొచ్చు అన్నవి చూపించండి. కొత్త ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు పాటలా నేర్పించండి. మా చిన్నవాడు ఇప్పటికీ నా నంబరును రాగం తీసే చెప్తాడు.